పాత గనుల అడుగున ఏముందో ముందు తేల్చాలి

సంపాదకులకు నమస్కారాలు.

బంగారం ధర పెరిగిన ప్రతిసారీ చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనుల పేరు మళ్లీ వినిపిస్తుంది. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటినప్పటి నుంచి ఆ మాట మరీ ఎక్కువైంది. గని ఎప్పుడు తెరుస్తారు, ఎంతమందికి ఉద్యోగాలిస్తారు, ఎకరానికి ఎంత కట్టిస్తారు అనే ప్రశ్నలు కుప్పం బస్టాండు నుంచి పల్లెల్లో రచ్చబండ దాకా నడుస్తున్నాయి. అవి అడగవలసిన ప్రశ్నలే, కానీ వాటికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకొకటి తేలాలి. పాత గనిలో పని ఆగిపోయిన చోటికి దిగువన, ఐదు వందల మీటర్ల లోతున, వెయ్యి మీటర్ల లోతున బంగారం ఉందా, ఉంటే ఎంత మేర, ఏ తీరున ఉంది? దీన్ని తేల్చే లోతైన అన్వేషణ ప్రజాధనంతో, పూర్తి స్థాయిలో జరగాలనీ, అందులో దొరికే ప్రతి రాతి నమూనా, ప్రతి పరీక్షా ఫలితం ఈ జిల్లా ప్రజలకు అందుబాటులో ఉండాలనీ, చుట్టుపక్కల ఊళ్ల భూగర్భజలాల లెక్కను కూడా ఆ పనిలో భాగంగానే తీయాలనీ కోరుతూ మీ పత్రిక ద్వారా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చిగురుగుంట, బిసానత్తం విడిగా పుట్టుకొచ్చిన గనులు కావు. కోలారు బంగారు గనులున్న శిలల పట్టీయే ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 80 కిలోమీటర్ల పొడవున, మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పున సాగుతూ, దక్షిణపు కొసలో గుడుపల్లె మండలం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా వైపు వెళుతుంది. సుమారు 270 కోట్ల సంవత్సరాల నాటి ఈ నల్లరాతి పగుళ్లలోకి భూమి లోతుల నుంచి వేడి ద్రవాలు చొచ్చుకొచ్చి, పలుగురాయినీ, గంధకంతో కూడిన ఖనిజాలనూ, వాటితోపాటు కాస్తంత బంగారాన్నీ వదిలిపెట్టాయి. మా వైపు చేలల్లో నాగలికి తగిలే తెల్లటి పలుగురాళ్లలో నూటికి తొంభై తొమ్మిదింటికి బంగారంతో ఏ సంబంధమూ లేదని ఈ సందర్భంలోనే చెప్పడం మంచిది, ఎందుకంటే గనుల వార్త వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అలాంటి రాళ్లను చూపి అమాయకుల దగ్గర డబ్బు గుంజుతూనే ఉంటారు.

కోలారులో 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఆధునిక పద్ధతుల్లో తవ్వకాలు మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని 3,200 మీటర్ల లోతు దాకా దిగి ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల సరసన నిలిచింది. నూట ఇరవై ఏళ్లలో అక్కడ సుమారు 800 టన్నుల బంగారం తీశారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాల కష్టం ఆ 800 టన్నుల వెనుక ఉంది. అయితే అదే గనుల చరిత్రలో ఇంకొక లెక్క కూడా ఉంది. తొలి రోజుల్లో టన్ను ముడిఖనిజానికి 40 గ్రాములకు పైగా వచ్చిన బంగారం చివరికి మూడు గ్రాముల దరిదాపులకు పడిపోయింది. లోతుకు వెళ్లేకొద్దీ ఖర్చు పెరిగి, బంగారం పలచబడి, నష్టాలు పేరుకుపోయి, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులను మూసేశారు. చిగురుగుంట గని కూడా ఆ సంస్థ చేతిలోనే ఉండేది, ఆ మూతతోనే మూతపడింది. కాబట్టి లోతుకు వెళితే బంగారం ఎక్కువగా దొరుకుతుందని నేను అనడం లేదు. లోతున ఏముందో తెలియకుండా ఆశ పెంచుకోవడమూ, ఆశ వదులుకోవడమూ రెండూ తొందరపాటే అంటున్నాను.

ప్రస్తుతం చిగురుగుంట–బిసానత్తం బ్లాకును వేలంలో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. ఆ బ్లాకులో సుమారు 18.3 లక్షల టన్నుల ముడిఖనిజం ఉన్నట్టు, టన్నుకు సగటున 5.15 గ్రాముల బంగారం ఉన్నట్టు అంచనా. గుణించి చూస్తే అది తొమ్మిదిన్నర టన్నుల లోపు బంగారం. ఐదు గ్రాములంటే, ఒక టన్ను రాయిని పొడి చేసి వడగడితే చివరికి శనగగింజంత బంగారం మిగులుతుందన్నమాట. దేశం ఏటా దిగుమతి చేసుకునే బంగారం 700 టన్నులకు పైమాటే. ఆ లెక్కన ఈ బ్లాకులోని బంగారమంతా కలిపినా దేశానికి వారం రోజుల అవసరానికి కూడా చాలదు. దేశపు దిగుమతి భారాన్ని గుడుపల్లె తీరుస్తుందని వేదికల మీద చెప్పేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూసుకోవాలి. అలాగని ఈ బ్లాకు పనికిరానిదనీ కాదు. సాగునీరు అందక, బెంగళూరు రైలెక్కి కూలికీ కొలువుకీ పోయే కుటుంబాలున్న మండలానికి కొన్ని వందల స్థిరమైన ఉద్యోగాలు చిన్న విషయం కాదు. అవి ఎన్నేళ్లు నిలుస్తాయన్నదే అసలు ప్రశ్న. ఏడెనిమిదేళ్లలో ఖనిజం అయిపోయి మళ్లీ మూతపడే గనికీ, ముప్ఫై నలభై ఏళ్లు నడిచే గనికీ మధ్య తేడా అంతా పాత పనుల దిగువన ఉన్న, ఇంకా ఎవరూ సరిగ్గా చూడని రాతిలోనే ఉంది.

ఆ రాతిని చూడటం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద మా వైపు చాలా అపోహలున్నాయి. బోరుబండి గురించి చిత్తూరు జిల్లా రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వెయ్యి అడుగులు, పన్నెండు వందల అడుగులు బోర్లు వేయించి, నీళ్లు పడక అప్పులపాలైన వారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే నీళ్ల బోరు రాయిని దుమ్ము చేసి పైకి ఊదేస్తుంది. ఏ లోతు రాయి ఏదో ఆ దుమ్ములో కలగాపులగమవుతుంది. ఖనిజాన్వేషణలో వాడే కోర్ డ్రిల్లింగు యంత్రం పని వేరు. వజ్రపు పలుకులు పొదిగిన ఉంగరంలాంటి బిట్టు రాయిని చుట్టూరా కోసుకుంటూ దిగుతుంది, మధ్యలో మిగిలిన రాయి స్తంభంలా గొట్టంలోకి చేరుతుంది. ఎక్కువగా వాడే సైజులో ఆ స్తంభం మందం ఐదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దాన్ని మూడేసి మీటర్ల చొప్పున పైకి తీసి, అరలున్న పెట్టెల్లో వరుసగా పేర్చి, ఎన్నో మీటరు నుంచి ఎన్నో మీటరు దాకానో మధ్యమధ్య చెక్కముక్కల మీద రాసి పెడతారు. భూగర్భ శాస్త్రవేత్త దాన్ని నీళ్లతో తడిపి, భూతద్దంతో చూస్తూ, నల్లరాయి ఎక్కడ ఆగింది, బూడిద రంగు పలుగురాయి ఎక్కడ మొదలైంది, ఇత్తడిలా మెరిసే గంధక ఖనిజాలు ఎక్కడున్నాయి, రాయి ఎక్కడ పిండిపిండిగా నలిగి ఉంది అని మీటరు మీటరుకూ నమోదు చేస్తారు. ఆ తర్వాత స్తంభాన్ని నిలువునా రెండుగా కోసి, ఒక సగాన్ని పొడి చేసి పరీక్షకు పంపి, రెండో సగాన్ని పెట్టెలోనే దాస్తారు. ఆ పొడిలో కొలిచి తీసిన కొన్ని పదుల గ్రాములను సీసపు భస్మంతో కలిపి కొలిమిలో కరిగిస్తే బంగారమంతా సీసంలోకి చేరుతుంది. సీసాన్ని ఎముకబూడిద మూసలో మళ్లీ కరిగిస్తే అది ఇంకిపోయి, చివరకు కంటికి ఆనీ ఆనని బంగారు పూస మిగులుతుంది. దాన్ని తూచి టన్నుకు ఎన్ని గ్రాములో చెబుతారు.

లోతు పెరిగేకొద్దీ ఈ పని కష్టమూ, ఖర్చూ అనేక రెట్లు అవుతాయి. కోలారు పట్టీలోని బంగారు పొరలు పడమరకు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి వాటిని అడ్డంగా కోయడానికి బోరును కూడా ఏటవాలుగానే వేయాలి. వెయ్యి మీటర్ల బోరు మొదటి నుంచీ ఒక్క డిగ్రీ పక్కకు పోయినా అడుగుకు వెళ్లేసరికి 17 మీటర్ల దూరం తప్పుతుంది. వెతికే పొర మందం మీటరో, రెండు మీటర్లో ఉన్నప్పుడు ఆ తప్పు ఎంత పెద్దదో ఊహించవచ్చు. అందుకే దిగేకొద్దీ బోరు దిశను కొలుస్తూ ఉండాలి. ఒకే తల్లి బోరు నుంచి లోపల పాయలుగా చీల్చి, అదే పొరను రెండు మూడు చోట్ల తాకేలా చేయాలి. పైగా బంగారం ఆ పొరంతటా సమంగా పరుచుకొని ఉండదు. ఒకచోట దట్టంగా గుమిగూడి, పక్కనే నలభై మీటర్ల దూరంలో ఏమీ లేకుండా పోతుంది. ఒకే రాతి స్తంభంలోని రెండు సగాలను పరీక్షిస్తే రెండు వేర్వేరు ఫలితాలు రావడం కూడా బంగారం విషయంలో మామూలే. కాబట్టి ఫలానా బోరులో టన్నుకు ఇరవై గ్రాములు వచ్చిందన్న వార్త ఎప్పుడైనా వస్తే, దాని పక్క బోర్ల సంగతి ఏమిటని అడగడం పాఠకులకూ, విలేకరులకూ అలవాటు కావాలి. వరుసగా వేసిన పదుల బోర్ల ఫలితాలను పటం మీద పెట్టి చూస్తే తప్ప గని అన్న మాట ఎత్తకూడదు. ప్రాథమిక పరిశీలన నుంచి వివరమైన అన్వేషణ దాకా మన దేశంలో పాటించే నాలుగు దశల పద్ధతి ఉన్నదీ ఈ తొందరను అదుపు చేయడానికే.

ఇందుకు డబ్బు లేదనే మాట చెల్లదు. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు జాతీయ ఖనిజాన్వేషణ ట్రస్టును ఏర్పాటు చేసి, దేశంలోని గనుల లీజుదారులు తీసిన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద రెండు శాతం అదనంగా దానికి చేరేలా చేశారు. 2025 సవరణలో ఆ వాటాను మూడు శాతం చేశారు. 200 మీటర్లకు మించిన లోతులో ఉండే ఖనిజాల కోసం లీజు విస్తీర్ణాన్ని ఒకసారి కొంత మేర పెంచుకునే వీలు కూడా ఆ సవరణే కల్పించింది. అంతకుముందు 2023లో బంగారంతో సహా 29 ఖనిజాలకు ప్రైవేటు సంస్థలు అన్వేషణ లైసెన్సు పొందే వెసులుబాటు తెచ్చారు; అన్వేషించిన సంస్థకు తర్వాత గని నడిచినప్పుడు వేలం ప్రీమియంలో, అంటే వేలం గెలిచినవారు రాయల్టీ కాక ప్రభుత్వానికి కట్టే సొమ్ములో వాటా దక్కుతుంది. ప్రైవేటు సంస్థలు రావడాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే దొరికితేనే ప్రతిఫలం అనే ఏర్పాటులో దొరికిన బోర్ల గురించి గట్టిగా చెప్పి, దొరకని బోర్ల గురించి మౌనంగా ఉండే ప్రలోభం ఎవరికైనా ఉంటుంది. దొరకలేదన్న సమాచారం కూడా ఈ ప్రాంతానికి దొరికిందన్నంత విలువైనదే. అందుకే బ్లాకు లోపల ఎన్‌ఎండీసీ, బ్లాకు వెలుపల పట్టీ పొడవునా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఈ లోతైన డ్రిల్లింగు బాధ్యతను తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక నీటి విషయం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తే మన్నించాలి, ఎందుకంటే మా ప్రాంతంలో బంగారం కంటే నీళ్లే కరువు. గ్రానైటు నేలల్లో నీరు చెరువులా నిలవదు, రాతి పగుళ్లలో పాయలుగా పారుతుంది. అన్వేషణ బోరు ఆ పగుళ్లను కోసుకుంటూ దిగుతుంది. పని అయిపోయాక దాన్ని అడుగు నుంచి పైదాకా సిమెంటుతో పూడ్చకపోతే, పై పొరలోని నీరు కింది పొరలోకి జారిపోవడానికి దారి పడుతుంది. డ్రిల్లింగుకే రోజుకు వేల లీటర్ల నీళ్లు కావాలి, అవి ఏ ఊరి బోరు నుంచి తెస్తారన్నది ముందే తేలాలి. రేపు గని తెరిస్తే, పాతికేళ్లుగా నీళ్లు నిండిన పాత సొరంగాలను తోడవలసి వస్తుంది. అప్పుడు చుట్టుపక్కల బావులు, బోర్లు ఎండిపోతే అది గని వల్లనా, వాన లేకపోవడం వల్లనా అనే వాదన మొదలవుతుంది. ఆ వాదనలో రైతు చేతిలో ఏ ఆధారమూ ఉండదు, ఎందుకంటే గనికి ముందు తన బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉండేవో ఎవరూ కొలిచి రాసిపెట్టలేదు. అన్వేషణ మొదలయ్యే రోజు నుంచే చుట్టుపక్కల ఊళ్లలో ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్నీ, నీటిలో ఆర్సెనిక్ వంటి విషపదార్థాల పాళ్లనూ ప్రతి నెలా కొలిచి, గ్రామ సచివాలయంలో అందరికీ కనిపించేలా రాసిపెడితే, పదేళ్ల తర్వాత ఆ కాగితమే సాక్ష్యమవుతుంది. హంద్రీనీవా కుప్పం కాలువ నీటి మీద ఇప్పుడిప్పుడే ఆశలు పెట్టుకుంటున్న రైతులకు ఈ భరోసా అవసరం. కౌండిన్య అభయారణ్యం నుంచి వచ్చే ఏనుగుల గుంపులు తిరిగే దారులు కూడా ఈ వైపే కాబట్టి, రాత్రిపూట డ్రిల్లింగు జరిపే చోట్లను అటవీ శాఖతో కలిసి నిర్ణయించాలి.

నీటి తర్వాత నేను పట్టుబట్టేది రాతి నమూనాల గురించి. లోతైన ఒక్కో బోరుకు కోట్లలో ఖర్చవుతుంది. ఆ కోట్లతో పైకి తీసిన రాతి స్తంభాలు షెడ్డు కూలిపోయి, పెట్టెలు చెదపట్టి, లోతు రాసిన చెక్కముక్కలు మాయమై, ఏ ముక్క ఏ లోతుదో తెలియని రాళ్లకుప్పగా మారిపోతే, తర్వాతి తరం మళ్లీ అదే చోట అదే ఖర్చుతో బోరు వేయాలి. దాచి ఉంచిన రెండో సగం రాయిని ఇరవై ఏళ్ల తర్వాత కొత్త పరికరాలతో పరీక్షించి, అప్పుడు కనబడనిది ఇప్పుడు చూడవచ్చు. కేంద్రం 2023 డిసెంబరులో జాతీయ భూగర్భ సమాచార నిధి పోర్టల్‌ను తెరిచి, భూగర్భ సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచుతోంది, అది మంచి అడుగే. కానీ కంప్యూటరులో అంకెలున్నంత మాత్రాన రాయి అవసరం తీరదు. మా గనుల నమూనాలు మా జిల్లాలోనే భద్రపడాలి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర విభాగం ఎన్నో దశాబ్దాలుగా ఉంది. అక్కడ చదివే పిల్లలు కోలారు పట్టీ గురించి పుస్తకంలో చదివి పరీక్ష రాసి వెళ్లిపోవడం కాక, చేత్తో ముట్టుకుని నేర్చుకునే అవకాశం దీనివల్ల కలుగుతుంది. అన్వేషణ దశలోనే మా పిల్లలకు నమూనాల నమోదులో, సర్వేలో, పరీక్షశాలలో పని నేర్పితే, గని తెరిచేనాటికి మేము కూలీలుగా మాత్రమే మిగిలిపోము.

లోతైన గని తాలూకు ప్రమాదాల సంగతి కూడా అన్వేషణలోనే తేలాలి. కోలారులో మూడు కిలోమీటర్ల లోతున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. పైనున్న బరువుకు బిగుసుకుపోయిన రాయి, తవ్విన ఖాళీ దొరకగానే ఉన్నట్టుండి పగిలి విరుచుకుపడేది. ఆ పేలుడు అదురుకు పైన ఊళ్లో ఇళ్లు కూడా కదిలేవి. ఆ గనుల్లో పనిచేసిన కుటుంబాలకు ఈ పేలుళ్ల గురించీ, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే సిలికోసిస్ గురించీ ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. కోర్ డ్రిల్లింగులో రాయి బలాన్ని, పగుళ్ల దిశను, లోపలి వేడిని కూడా కొలవవచ్చు. బంగారం శాతం ఒక్కటే కొలిచి, వీటిని తర్వాత చూద్దామనుకోవడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమే. నీళ్లు నిండిన పాత సొరంగాల పటాలను గనుల భద్రతా డైరెక్టరేటు దగ్గరా, పాత సంస్థ రికార్డుల్లోనూ వెతికి తీసి, బోర్లతో సరిచూసుకోవాలి. 1975లో ధన్‌బాద్ సమీపంలోని చస్నాలా బొగ్గుగనిలోకి పాత పనుల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 370 మందికి పైగా మరణించిన సంగతిని గనుల శాఖ వారికి నేను గుర్తుచేయవలసిన పని లేదు. కోలారులో రాతి నుంచి బంగారాన్ని విడదీయడానికి సైనైడ్ విషం వాడిన నూరేళ్ల మిల్లు వ్యర్థాలు నేటికీ 13 సైనైడ్ దిబ్బలుగా, 3.3 కోట్ల టన్నుల మేర, వేయి ఎకరాల్లో పరుచుకొని, గాలి వీచినప్పుడల్లా ఊరి మీద దుమ్ము చల్లుతున్నాయి. టన్నుకు ఐదు గ్రాములు తీస్తే మిగతా రాయంతా ఎక్కడ పోస్తారో తేల్చకుండా గని లెక్క పూర్తికాదు.

చివరగా డబ్బు పంపకం గురించి ఒక్క మాట. బంగారం మీద రాయల్టీ దాని విలువలో నాలుగు శాతం. వేలంలో ఇచ్చిన లీజులకు ఆ రాయల్టీ మీద పది శాతం అదనంగా జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు వెళుతుంది. అంటే వంద రూపాయల బంగారం తీస్తే గనుల ప్రభావం పడే ఊళ్ల సంక్షేమానికి వచ్చేది 40 పైసలు. వేలం ప్రీమియం రాష్ట్ర ఖజానాకు చేరుతుంది కాబట్టి, అందులో కొంత వాటాను గుడుపల్లె, కుప్పం మండలాల నీటి పనులకు కేటాయిస్తామని రాష్ట్ర ప్రభుత్వం గని తెరవకముందే ఉత్తర్వు ఇవ్వడం న్యాయం. గని తెరిచాక అడిగితే జవాబు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

జిల్లా కలెక్టరుగారికీ, రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ అధికారులకూ, ఎన్‌ఎండీసీ యాజమాన్యానికీ నా వినతి ఇది. లోతైన అన్వేషణ ప్రణాళికను తెలుగులో ముద్రించి, గుడుపల్లె మండల కార్యాలయంలో బహిరంగ సభ పెట్టి, ఎన్ని బోర్లు, ఎక్కడ, ఎంత లోతుకు వేస్తారో, ఏ నీళ్లు వాడతారో, వేసిన బోర్లను ఎలా పూడుస్తారో ప్రజలకు వివరించాలి. ఫలితాలను ఆరు నెలలకొకసారి అదే కార్యాలయంలో ప్రకటించాలి. రాతి నమూనాల భాండాగారానికి కుప్పంలో ప్రభుత్వ స్థలం చూపించి, దాని నిర్వహణను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర విభాగానికి అప్పగించాలి. ఊళ్లలో నీటిమట్టాల కొలతలు మాత్రం డ్రిల్లింగు అనుమతుల కోసం ఆగకుండా, వచ్చే ఎండాకాలానికి ముందే మొదలుకావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుడుపల్లె మండలం, చిత్తూరు జిల్లా